స్ప్రూకర్ మౌనవ్రతం

13 సెప్టెంబరు 1986, శనివారం

రండి బాబూ రండి! మంచి తరుణం, మించిన దొరకదు! నా చేతిలో ఉన్నది ఉత్త నోటు పుస్తకం అనుకుంటున్నారా? కాదమ్మా కాదు! నూట తొంభై రెండు పేజీలు, గీతలు కొట్టినవి, పైన గట్టి అట్ట, దీంతో పాటు ఒక పెన్సిలు పూర్తిగా ఉచితం!

వంటగదిలో నేనూ ఫ్రిజ్జూ తప్ప ఎవరూ లేరు. ఫ్రిజ్జు కొనేలా లేదు.

నిన్న డాక్టర్ రాంకిన్ నా గొంతులోకి చిన్న అద్దం పెట్టి చూసి, స్వరపేటిక మీద రెండు కాయలు కాశాయని చెప్పింది.

“రేపట్నుంచి ఇరవై ఎనిమిది రోజులు ఒక్క మాట కూడా మాట్లాడకూడదు మిస్టర్ గ్లీసన్. గుసగుసలు అసలే వద్దు, అవి ఇంకా చేటు. ఏమైనా చెప్పాలనిపిస్తే ఒక పుస్తకంలో రాసుకోండి.”

“మరి వచ్చే నెల పశువుల షో సంగతేంటి డాక్టర్?” అన్నాను.

“రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే మొదలుపెట్టండి,” అంది.

ముప్ఫై తొమ్మిదేళ్ళు విమ్మెరా ప్రాంతమంతా మోగిన గొంతు అలా మూతపడింది. చివరి మాట కనీసం గొప్పదైనా కాదు.

ఆవిడ ఎడిన్‌బరో నుంచి వచ్చి ఆరు నెలలే అయింది. ఫారంలో వృత్తి అన్నచోట నేను ‘స్ప్రూకర్’ అని రాస్తే, అదేం పని అని అడిగింది. మందుల చీటీ వెనక అర పేజీ రాసి ఇచ్చాను. చదివి, “ఓహో, అరుస్తారన్నమాట,” అని, ఫారంలో నా మాట కొట్టేసి ‘అరిచే పని’ అని రాసుకుంది.

ఇంటికి వచ్చే దారంతా ఒళ్ళు మండిపోయింది. అరవడానికి ఎవడైనా అరుస్తాడు. మాంసం కొట్టు ముందో, సర్కస్ డేరా ముందో, షోలో బల్ల వెనకో నిలబడి, దారిన పోయేవాడి కాళ్ళను మాటతో కట్టేసేవాడు స్ప్రూకర్. ఉదయం ఇంట్లోంచి బయల్దేరినప్పుడు వాడికి అక్కర్లేని వస్తువు, సాయంత్రానికి అది లేకుండా ఇల్లు చేరలేనంత అవసరమైపోవాలి. అదీ స్ప్రూక్ చేయడమంటే. ఈ మాట మా దేశంలో తప్ప ఎక్కడా లేదంటారు. ఎక్కడి నుంచి పుట్టిందో ఎవరికీ తెలియదు. మా నాన్న మాత్రం తన దగ్గర్నుంచే పుట్టిందనేవాడు.

నా భార్య కోరల్ గురువారం గిన్నెలు కడుగుతూ ఏదో అంది. ఈ కొరాంబీ షో అయిపోయాక మిల్డూరాలో వాళ్ళక్క దగ్గరికి వెళ్ళిపోతుందట, ఇక నాతో ఉండదట. మాటవరసకు అంది. దానికి నేను నలభై నిమిషాలు సమాధానం చెప్పాను. గొంతు పోయింది ఆ నలభై నిమిషాల చివర్లోనే. డాక్టరుకు ఇది చెప్పలేదు. వైద్యానికి అవసరం లేని విషయం.

14 సెప్టెంబరు

కోరల్ నాకొక పలక, సుద్దముక్కల పెట్టె తెచ్చి ఇచ్చింది. నేను పలక మీద మొదట రాసింది: ‘కొరాంబీ!!!’

అక్టోబరు పది, పదకొండు తేదీల్లో కొరాంబీ షో, ఏటా జరిగే పశువుల, పంటల ప్రదర్శన. పశువుల గేటు పక్కన మా బల్ల, కూరగాయల తొక్క తీసే పీలర్లు అమ్మేది. 1938లో నాన్న సంపాదించిన స్థలం అది. గొర్రెలు చూడ్డానికి వెళ్ళేవాళ్ళూ, చూసి వచ్చేవాళ్ళూ అందరూ మా ముందు నుంచే నడవాలి. షో కమిటీ రూలు ఏమిటంటే రెండు రోజులూ బల్ల తెరిచి ఉండాలి, దాని ముందు మాట వినపడాలి. లేకపోతే స్థలం పక్కవాడికి పోతుంది. పక్కవాడు స్నో. పిండిలో ముంచి వేయించిన సాసేజ్ పుల్లలు అమ్ముతాడు. తల తెల్లగా ఉంటుంది కాబట్టి స్నో అంటాం. మనసు గురించి నేనేమీ రాయను.

“నేను మాట్లాడతాలే,” అంది కోరల్.

నవ్వొచ్చింది. నవ్వకూడదని కూడా డాక్టరు చెప్పి ఉండాల్సింది, బాగా నొప్పి పుట్టింది.

మా వ్యాపారంలో కోరల్ పని బోణీ. ఎంత గొప్పగా స్ప్రూక్ చేసినా జనం నిలబడి చూస్తారే గాని, మొదటి చెయ్యి ఎవరూ చాపరు. ఒక్కరు చాపితే చాలు, మందలో మొదటి గొర్రె గేటు దాటినట్టే, తక్కినవాళ్ళంతా తోసుకుంటూ వస్తారు. ఆ మొదటి చెయ్యి ఇరవై ఆరేళ్ళుగా కోరల్‌ది. ముక్కూ మొహం తెలియనిదానిలా గుంపులో నిలబడి, సరిగ్గా సమయం చూసి, “నాకొకటి ఇవ్వండి!” అంటుంది. పూటకొక టోపీ మారుస్తుంది. ఆకుపచ్చది, గడ్డిది, చెర్రీ పళ్ళు కుట్టినది. ఎవరికీ అనుమానం రాకుండా షో మైదానంలో మేమిద్దరం మాట్లాడుకోం, కలిసి తినం, ఒకరి వైపు ఒకరం చూసుకోం. ఇది నాన్న పెట్టిన నియమం. ఇరవై ఆరేళ్ళలో ఒక్క పురుగుకు కూడా తెలియలేదు. అదీ మా పనితనం.

పలక మీద రాశాను: ‘నువ్వు మాట్లాడితే బోణీ ఎవరు చేస్తారు?’

“నువ్వే,” అంది.

16 సెప్టెంబరు

ఈ రోజు “అబ్బా” అన్నాను. బల్ల కాలు బొటనవేలికి తగిలింది. లెక్కలోకి రాదు.

18 సెప్టెంబరు

పేపర్లో ఒక మంత్రిగారి గురించి రాస్తూ, ‘కొత్త పన్నుల పథకాన్ని ఊరూరా స్ప్రూక్ చేస్తున్నాడు’ అని వేశారు. మెచ్చుకోలు కాదు, తిట్టు. ఆ మంత్రి గొంతు నేను రేడియోలో విన్నాను. ఉప్పు లేని గంజి. వాణ్ణి మా జాతిలో కలుపుతారా? సంపాదకుడికి మూడు పేజీల ఉత్తరం రాశాను.

కోరల్ చదివి, “ఇందులో కూడా స్ప్రూకింగేనా,” అంది.

ఈ మాట ఆవిడ కూడా తిట్టుగానే వాడుతుంది. నేను మటన్ రోస్టును మెచ్చుకుంటే “స్ప్రూకింగ్ ఆపి తిను” అంటుంది. ‘మెత్తగా, జ్యూసీగా, కోస్తే కత్తికే నోరూరేలా’ అన్నది నిజమే కదా! పెళ్ళికి అడిగినప్పుడు కూడా, ‘ఇంతటితో అయిపోలేదమ్మా, ఒక వ్యానూ, ఒక కుక్కా కూడా వస్తాయి’ అన్నాను. అప్పుడు నవ్వి ఒప్పుకుంది. కుక్క పోయి పద్దెనిమిదేళ్ళయింది.

ఉత్తరం పోస్టు చేయలేదు.

21 సెప్టెంబరు

ఒక సంగతి.

మాట్లాడటానికి లేదు కాబట్టి వంటగదిలో ఊరికే కూచుని చూస్తున్నాను. కోరల్ బంగాళాదుంపలు చెక్కుతోంది, మొద్దుబారిన పాత చాకుతో. సొరుగులో మన పీలర్లు డజను ఉన్నాయి. అవి ముట్టుకోలేదు.

పలక మీద రాశాను: ‘పీలర్ ఏమైంది?’

“నేను ఎడమచేతిదాన్ని మెర్వ్,” అంది తల ఎత్తకుండా. “దాని పదును కుడిచేతి వైపే ఉంటుంది. నాకు తెగదు.”

‘ఎప్పటి నుంచి?’ అని రాశాను. ఎంత తెలివితక్కువ ప్రశ్నో రాశాక తెలిసింది.

“పుట్టినప్పట్నుంచి.”

ఇరవై ఆరేళ్ళు. ఏడాదికి పద్నాలుగు షోలు, రోజుకు పది పన్నెండు బోణీలు. తనకు పనికిరాని వస్తువును, “అబ్బ, ఎంత బాగుందో!” అంటూ నా భార్య కొన్ని వేలసార్లు కొన్నది. ఆవిడ ఏ చేత్తో దుంప చెక్కుతుందో నాకు తెలియదు.

ఒకసారైనా చెప్పి ఉండొచ్చు కదా.

చెప్పిందేమో. నేను మాట్లాడుతూ ఉండి ఉంటాను.

22 సెప్టెంబరు

షెడ్డులో పని ఉంది.

25 సెప్టెంబరు

వంటగదిలో రిహార్సల్. నేను జనం, కోరల్ స్ప్రూకర్. పీట మీద నిలబడి, గొంతు సవరించుకుని, అంది:

“ఇది పీలర్. తొక్క తీస్తుంది. కావాలంటే తీసుకోండి.”

అంతే. గడియారం చూశాను, ఆరు సెకన్లు. నాది ఇరవై రెండు నిమిషాలు. అందులో క్యారెట్‌తో గులాబీ, ముల్లంగితో హంస, మా అత్తగారి మీద మూడు జోకులు.

‘ఉత్సాహం!’ అని పలక మీద రాసి చూపించాను.

“దేనికి?”

‘చేతులు ఊపు! ఆశ పెట్టు! ఆలసించిన ఆశాభంగం అను!’

“ఆలస్యం చేస్తే ఏమవుతుంది? రేపూ ఉంటుందిగా ఇదే బల్ల?”

‘అది వాళ్ళకు చెప్పకూడదు!!’

“మెర్వ్, పలక కింద పెట్టు.”

పెట్టాను.

ఇక్కడివాళ్ళ సంగతి కోరల్‌కు అర్థం కాదు. విమ్మెరా రైతు నోట్లోంచి వచ్చే అతి పెద్ద మెచ్చుకోలు ‘పర్లేదు’. మూడేళ్ళ కరువు తర్వాత వాన పడితే, “పర్లేదు.” భార్యకు కవలలు పుడితే, “పర్లేదు.” 1973లో స్నో వాళ్ళ పొట్టేలుకు మొదటి బహుమతి వస్తే, వాడు కంట్లో నీళ్ళు తుడుచుకుంటూ అన్న మాట కూడా అదే. ఇలాంటి జనం ఏడాదంతా దాచుకున్న ఉత్సాహాన్ని వాళ్ళ తరఫున నేను రెండు రోజుల్లో ఖర్చు పెట్టేస్తాను. అందుకే నన్ను భరిస్తారు. ఆరు సెకన్లకు ఎవడు ఆగుతాడు?

29 సెప్టెంబరు

షెడ్డు. పీలర్ల పదును రెండో వైపుకు ఆకురాయితో తిప్పుతున్నాను. ఇప్పటికి నాలుగు పాడయ్యాయి, ఒక వేలు తెగింది. అరవలేదు. నోరు తెరిచి, చప్పుడు లేకుండా, మర్యాదగా నిలబడ్డాను.

1 అక్టోబరు

ఆరు పాడయ్యాయి.

4 అక్టోబరు

కోరల్ మిల్డూరా బస్సు టికెట్ తీసింది. షో అయ్యాక వచ్చే మంగళవారానికి. ఫ్రిజ్జు మీద అయస్కాంతం కింద పెట్టింది, నేను చూసేలా.

పలక తీసుకున్నాను. చిన్నది, పట్టదు. ఈ పుస్తకంలో పేజీ చింపి రాయడం మొదలుపెట్టాను. ‘మిల్డూరాలో ఏముంది? ఎండ! ఈగలు! మీ అక్క! అదే ఇక్కడైతే, ఇంతటితో అయిపోలేదు...’

ఇక్కడ ఆపాను. చింపిన పేజీ పొయ్యిలో వేశాను.

ఆవిడ అక్కకు రాస్తున్న ఉత్తరం బల్ల మీద తెరిచి ఉంది. నేను చదవలేదు. కళ్ళు అటు తిరిగాయి. ‘మెర్వ్ చెడ్డవాడు కాదక్కా. మైదానంలో నేనెవరో తెలియనట్టు ఉంటాడు, అది వ్యాపారం కోసం. ఇంటికొచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు, అంతే.’

టికెట్ ఒక్కటే. అంటే వెనక్కి రావడానికి తీయలేదు. అక్కడ తీసుకుంటే చవకేమో.

9 అక్టోబరు

తొమ్మిదో పీలర్ పనిచేసింది! దుంప తొక్క తోకలా, తెగకుండా, నేల దాకా దిగింది. ఎడమచేత్తో పరీక్షించి చూశాను. నాకు ఎడమచెయ్యి అలవాటు లేదు కాబట్టి కొద్దిగా రక్తం కూడా దిగింది.

రేపే షో. కోరల్‌కు ఇంకా ఇవ్వలేదు.

10 అక్టోబరు, శుక్రవారం. కొరాంబీ

చెప్పుకోదగ్గ రోజు కాదు. చెప్పుకోడానికి నోరూ లేదు. రాస్తాను.

నాన్న పాత టోపీ, నల్లకళ్ళద్దాలు, స్నో దగ్గర అరువు తెచ్చుకున్న కోటు. అద్దంలో నన్ను నేనే గుర్తుపట్టలేదు. కోరల్ పెట్టె ఎక్కింది. ఆరు సెకన్లు మాట్లాడింది. వింత ఏమిటంటే జనం ఆగారు. నలభై మంది ఉంటారు. ఇంకేదో వస్తుందని చూస్తూ నిలబడ్డారు. ఇదే సమయం. గుంపులోంచి ముందుకు జరిగి, నోటు పట్టుకుని చెయ్యి చాపాను.

“ఏవయ్యా మెర్వ్, గొంతెలా ఉంది?”

మిసెస్ ట్రెగెల్లిస్. డెబ్భై నాలుగేళ్ళు, ఆరు వందల గొర్రెలు, ఏటా నా దగ్గర ఒక పీలర్ కొంటుంది. అన్ని పీలర్లు ఏం చేసుకుంటుందో అని ఎప్పుడూ అనుకునేవాణ్ణి.

నేను వినపడనట్టు నటించాను.

“చెవులు కూడా పోయాయా అబ్బాయ్? ఇదిగో, చూడండర్రా, ఈసారి టోపీ ఈయన పెట్టుకున్నాడు!”

గుంపంతా గొల్లుమంది. వెనకనుంచి ఎవరో, “ఆకుపచ్చ టోపీ ఏదీ? నేను ఆకుపచ్చ మీద పందెం కాశాను!” అన్నారు.

పెట్టె మీద కోరల్ బిగుసుకుపోయింది. “ఏం పందెం?”

“ప్రతి ఏడూ కాస్తాం కదమ్మా, నువ్వు మొదట ఏ టోపీ పెట్టుకుని కొంటావోనని,” అంది మిసెస్ ట్రెగెల్లిస్. “ఓడినవాళ్ళు లామింగ్టన్ కేకులు చెయ్యాలి. పోయినేడు చెర్రీ టోపీకి నేను మూడు డజన్లు చేశాను.”

“అంటే... నేను ఆయన భార్యనని మీకు తెలుసా?”

“ఎవరికి తెలియదు?”

“ఎప్పట్నుంచి?”

“మీ పెళ్ళి ఫోటో పేపర్లో వేశారు కదే తల్లీ! సగం పేజీ!”

ఆ ఫోటో పేపరుకు పంపింది నేనే. ఫోటో కింద వేయమని వంద మాటలు రాసి మరీ పంపాను.

నల్లకళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాను. జనం నవ్వుతున్నారు, ప్రేమగానే. మా వాళ్ళు ఇరవై ఆరేళ్ళు ఒక నాటకాన్ని టికెట్ లేకుండా చూసి, మధ్యలో ఒక్కసారి కూడా దగ్గకుండా కూచున్నారు. మామూలు రోజైతే నేనూ నవ్వేవాణ్ణి.

కోరల్ నవ్వలేదు. నా వైపు చూసింది. మైదానంలో నా మొహంలోకి చూడటం అదే మొదటిసారి.

“ఇరవై ఆరేళ్ళు ఆవుల్ని కడిగే చోట కూచుని ఒక్కదాన్నే అన్నం తిన్నాను మెర్వ్,” అంది. “ఎవరికీ తెలియకూడదని. పేడ వాసనలో.”

ఆవిడ పెట్టె దిగి వెళ్ళిపోయింది.

బల్ల వెనక నేను నిలబడ్డాను. నోరు లేదు. సాయంత్రం దాకా క్యారెట్ గులాబీలు చేస్తూ ఉండిపోయాను. స్నో వచ్చి, టేపు తెరిచి నా స్థలం కొలిచాడు. “ఏం లేదు గురూ, ఊరికే,” అన్నాడు.

ఇంట్లో ఇద్దరం మౌనం. నాది డాక్టరు చెప్పింది.

11 అక్టోబరు, శనివారం. కొరాంబీ, సాయంత్రం నాలుగు

ఇరవై ఎనిమిది రోజులు నిన్నటితో అయిపోయాయి. ఈ రోజు నుంచి రోజుకు అయిదు నిమిషాలు మెల్లగా మాట్లాడొచ్చని డాక్టరు మాట. ఆ అయిదు నిమిషాల్లో ఏం చెప్పాలో పొద్దున గొర్రెల పాకల వెనక నిలబడి నాలుగుసార్లు మనసులో అనుకున్నాను. మొదటి రకం క్షమాపణ, రెండో రకం క్షమాపణ, మిల్డూరా మీద ఎనిమిది అభ్యంతరాలు, చివర్లో చెయ్యి గుండె మీద పెట్టి ఒక ముగింపు. రాళ్ళు కరిగేవి.

కోరల్ వస్తుందనుకోలేదు. తొమ్మిదింటికి వచ్చింది. టోపీ లేదు. పెట్టె ఎక్కింది. అప్పటికే జనం నిన్నటికి రెట్టింపు. ఊరంతా పాకినట్టుంది.

“ఇది పీలర్,” అంది. “కుడిచేతివాళ్ళకు బాగానే తెగుతుంది. నేను ఎడమచేతిదాన్ని, నాకు తెగదు. అయినా వేలసార్లు కొన్నాను. ఎందుకంటే ఆ బల్ల వెనకాయన అంత బాగా చెప్పేవాడు.”

ఆగింది. జనం నా వైపు చూశారు. బోణీ కోసం. ఇప్పుడు అందరికీ తెలుసు కాబట్టి, అందరూ నోరెళ్ళబెట్టి చూస్తున్నారు.

నేను ముందుకు వెళ్ళి చెయ్యి చాపాను. చేతిలో నోటు లేదు, తొమ్మిదో పీలర్ ఉంది.

తీసుకుంది. పదును ఏ వైపుందో చూసింది. నా వేళ్ళకున్న పట్టీలు చూసింది. బుట్టలోంచి పెద్ద బంగాళాదుంప తీసి, ఎడమచేత్తో మొదలుపెట్టింది. తొక్క తెగకుండా దిగుతూనే ఉంది. మోచేయి దాటింది, పెట్టె అంచు దాటింది. కోరల్ తల ఎత్తలేదు. దుంప నున్నగా అయిపోయాక కూడా దాన్ని చేతిలో తిప్పుతూ నిలబడింది. ఇన్నేళ్ళలో ఏ స్ప్రూకరూ అంతసేపు మాట్లాడకుండా జనాన్ని నిలబెట్టడం నేను చూడలేదు.

మిసెస్ ట్రెగెల్లిస్ ఉండబట్టలేక, “చెప్పవే అమ్మాయ్! ఎలా ఉంది?” అని అరిచింది.

కోరల్ ముంజేత్తో కళ్ళు తుడుచుకుంది.

“పర్లేదు,” అంది.

అబ్బ, ఆ గోల! అరుపులు, ఈలలు, పశువుల గేటు దగ్గర గుర్రాలు బెదిరాయి. తోసుకుంటూ వచ్చారు. పదకొండున్నరకు పెట్టెలన్నీ ఖాళీ. ఎడమచేతివి కావాలని పంతొమ్మిది మంది పేర్లు రాసిచ్చారు. ఈ జిల్లాలో ఇంతమంది ఎడమచేతివాళ్ళున్నారని నాకెవరూ చెప్పలేదు. ఎప్పుడు చెప్పనిచ్చాను గనక. కమిటీ కార్యదర్శి వచ్చి, వచ్చే ఏటి స్థలం ఫారం బల్ల మీద పెట్టి వెళ్ళాడు. స్నో టేపు చుట్టి జేబులో పెట్టుకుని, రెండు సాసేజ్ పుల్లలు తెచ్చి ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు.

మధ్యాహ్నం మైదానం నడిబొడ్డున, జెండా కర్ర కింద గడ్డిలో కూచున్నాం, ఇద్దరం, పక్కపక్కన. వచ్చేపోయేవాళ్ళంతా చూసి టోపీలు ఎత్తారు. కోరల్ తన డబ్బా తెరిచింది. గుడ్డూ బీట్‌రూటూ పెట్టిన శాండ్‌విచ్. మధ్యాహ్నం ఆవిడ తినేది అదని ఈ రోజే చూశాను. సగం నాకిచ్చింది.

తర్వాత ఫారం తీసి నింపింది. స్ప్రూకర్ అన్నచోట తన పేరు రాసింది. సహాయకుడు అన్నచోట నాది.

“మంగళవారం మిల్డూరా వెళ్తున్నా,” అంది. “రెండు వారాలుంటా. మా అక్కకు మాటిచ్చాను. ఆ తర్వాత వస్తా. షోలకు కూడా వస్తా. కానీ నేనే మాట్లాడతా, టోపీలు నువ్వు పెట్టుకో. అన్నం మాత్రం ఇక్కడే తిందాం. ఏమంటావ్?”

నా దగ్గర అయిదు నిమిషాలూ అలాగే ఉన్నాయి. పొద్దున సిద్ధం చేసుకున్నదంతా నాలుక చివర నిలబడి ఉంది. రెండు రకాల క్షమాపణలు, ఎనిమిది అభ్యంతరాలు, గుండె మీద చెయ్యి. గొంతు సవరించుకున్నాను. కోరల్ శాండ్‌విచ్ కింద పెట్టి, నలభై నిమిషాలకు సిద్ధపడి కూచుంది.

“పర్లేదు,” అన్నాను.

గొంతు కప్పలా వచ్చింది. కోరల్ నా వైపు చూసి నవ్వడం మొదలుపెట్టింది. ఎంత నవ్విందంటే, బీట్‌రూట్ ఒళ్ళో పడిపోయింది.